హైదరాబాద్‌లో క్రాఫ్ట్ బీరు, మంచి తిండి కలిసిన సాయంత్రాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలి

తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చిన తరువాత, జూబ్లీహిల్స్‌లోని ప్రోస్ట్ వంటి చోట్లతో మొదలై, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వరకు క్రాఫ్ట్ బీరును, అంటే చిన్న మొత్తాల్లో శ్రద్ధగా తయారుచేసే బీరును, అక్కడికక్కడే కాచి పోసే బ్రూవరీలు నగరంలో వరుసగా వెలిశాయి. బెంగళూరు ఇందిరానగర్‌లోని టాయిట్ బ్రూవరీ 2010లోనే తెరుచుకుంది కనుక, అక్కడ ఉద్యోగాలు చేసి వచ్చిన మనవాళ్లకు ఈ రుచి అప్పటికే పరిచయం. అయినా చాలామంది ఇప్పటికీ బార్‌లో నేర్చుకున్న అలవాట్లతోనే బ్రూవరీకి వెళ్తున్నారు: గడ్డకట్టేంత చల్లగా ఉండాలి, తొందరగా ఎక్కాలి, నంజుకోవడానికి ఏదో ఒకటి ఉంటే చాలు. అలా వెళ్తే సీసా బీరుకు రెండింతల డబ్బు పెట్టి, అందులో ఉన్న రుచిని సగం కూడా అందుకోకుండా తిరిగి వస్తారు. తిండిని మధ్యలో పెట్టుకుని, బీరును దానికి తోడుగా, కొద్దికొద్దిగా, తెలిసి ఎంచుకుని తాగాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ సాయంత్రాన్ని మొదటి నుంచి చివరి వరకు ఎలా నడపాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇది మద్యం తీసుకునే అలవాటు ఉన్న, 21 ఏళ్లు నిండిన వారికి మాత్రమే. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ చట్టం చెప్పే వయసు అదే.

ఇల్లు కదలకముందు

మొట్టమొదట తిరుగు ప్రయాణం సంగతి తేల్చుకోండి. ఎక్కడికి వెళ్లాలన్న చర్చ కంటే ఇదే ముందు జరగాలి, ఎందుకంటే బండి ఇంట్లోనే వదిలేయాలని నిర్ణయించుకున్నాక వెళ్లవలసిన చోటు కూడా దానిని బట్టే మారుతుంది. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో మార్గం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ స్టేషన్ల మీదుగా పోతుంది కనుక, ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేట వైపు నుంచి వచ్చేవారికి జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 పరిసరాలు బాగా అనువుగా ఉంటాయి. చివరి రైలు ఎన్నింటికో ఆ రోజే యాప్‌లో చూసుకుని, దానికి అరగంట ముందే లేవాలని అందరూ ఒప్పుకోండి. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్తే రాయదుర్గం స్టేషన్ దాటాక ఆటో గానీ క్యాబ్ గానీ తప్పదు. శుక్ర, శనివారాల్లో రాత్రి పది దాటాక క్యాబ్ ఛార్జీలు బాగా పెరుగుతాయి కనుక ఆ ఖర్చును సాయంత్రపు ఖర్చులోనే కలిపి లెక్క వేసుకోవాలి. బృందంలో తాగని వారు ఒకరు కారు నడుపుతామంటే అది ఇంకా మంచిది. అయితే ఆ మనిషి తిండి ఖర్చు మిగిలినవారు పంచుకోవడం మర్యాద.

రోజు ఎంచుకోవడంలో నా ఓటు మంగళ, బుధవారాలకే. వారాంతంలో సంగీతం హోరులో పక్కవారి మాట వినబడదు, వడ్డించేవారికి మీ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఉండదు, కొన్ని చోట్ల మగవారు మాత్రమే ఉన్న బృందాలను లోపలికి రానివ్వరు. మామూలు రోజు సాయంత్రం ఆరు గంటలకు వెళ్తే మంచి బల్ల దొరుకుతుంది, హ్యాపీ అవర్స్ (తొలి గంటల తగ్గింపు) ధరలు ఉండవచ్చు, అన్నిటికీ మించి బీరు కాచే మనిషి, అంటే బ్రూవర్, అక్కడే ఉండి రెండు మాటలు మాట్లాడే అవకాశం ఉంటుంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలు డ్రై డేలు, అంటే మద్యం అమ్మని రోజులు. ఎన్నికలున్న చోట పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మద్యం అమ్మరు. వినాయక నిమజ్జనం వంటి సందర్భాలలో పోలీసులు విడిగా ఆదేశాలు ఇస్తుంటారు. పిల్లలను వెంట తీసుకువెళ్లాలనుకుంటే ముందే ఫోన్ చేసి అడగండి. చాలా చోట్ల సాయంత్రం తరువాత వారిని అనుమతించరు.

బయలుదేరే ముందు మందుల సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి. మెట్రోనిడజోల్, టినిడజోల్ వంటి మాత్రలు వాడుతున్నవారు, నిద్ర మాత్రలు వేసుకునేవారు మద్యం ముట్టకూడదు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారికి ఖాళీ కడుపున తాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక, వైద్యుని సలహా లేకుండా ఈ పనికి దిగవద్దు. గర్భిణులకు ఏ మోతాదూ సురక్షితం కాదు.

కడుపులో కొంత వేసుకుని వెళ్లండి

ఖాళీ కడుపున తాగిన మద్యం రక్తంలోకి చాలా త్వరగా చేరుతుంది. కాబట్టి బ్రూవరీకి వెళ్లే ముందు గంటలోపు ఏదైనా తినండి. దీనికి పెద్ద రెస్టారెంట్ అక్కరలేదు. ఒక ప్లేటు ఇడ్లీ, ఉప్మా పెసరట్టు, లేదా ఇంట్లో పెరుగన్నం నాలుగు ముద్దలు చాలు. నూనెలో మునిగిన పదార్థాలను ఈ దశలో వదిలేయడమే మేలు, ఎందుకంటే లోపల ఎలాగూ వేపుళ్లు ఎదురవుతాయి. గచ్చిబౌలి వైపు వీధి తిండి దుకాణాలు దొరుకుతాయి. అటు వైపు బ్రూవరీకి వెళ్లేవారు అక్కడ ఒక దోసె తిని నడిస్తే ఖర్చూ తగ్గుతుంది, ఆకలితో మెనూ అంతా ఆర్డర్ చేసే పరిస్థితీ రాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రంజాన్ మాసంలో హలీం తినడానికి వెళ్లే సాయంత్రాన్ని బీరు సాయంత్రంతో కలపవద్దు. ఉపవాసం విడిచినవారు, కుటుంబాలు కూర్చునే చోటికి తాగి వెళ్లడం బాగుండదు. పైగా గోధుమ, మాంసం, నెయ్యి కలిసి గంటల తరబడి ఉడికిన ఆ గిన్నె తనంతట తానే పూర్తి భోజనం. దానికి విడిగా ఒక రోజు ఇవ్వండి.

మెనూ కార్డు చదవడం

బల్ల దగ్గర కూర్చున్నాక గ్లాసు ఆర్డర్ చేయకుండా, ముందు ఈ రోజు ట్యాప్‌లో (బీరు పోసే కుళాయిలో) ఏమేమి ఉన్నాయో అడగండి. కార్డులో ఆరు పేర్లు ఉన్నా ట్యాప్‌లో నాలుగే ఉండటం మామూలే. తరువాత అడగవలసిన ప్రశ్న, వాటిలో ఏది ఈ మధ్య ట్యాప్‌కు వచ్చిందన్నది. బ్రూవరీ బీరు విలువంతా దాని తాజాదనంలోనే ఉంది కనుక ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఎంచుకోవాలి.

బీరుకు మూల పదార్థాలు నాలుగే: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అంటే మాల్ట్, చేదును, సువాసనను ఇచ్చే హాప్స్ అనే పువ్వు, ఈస్ట్, నీరు. మాల్ట్‌ను ఎంత వేయించారు, హాప్స్ ఎప్పుడు ఎంత వేశారు, ఏ ఈస్ట్‌తో ఎంత వేడిలో పులియబెట్టారు అన్నదానిని బట్టి రకాలు పుడతాయి. ఏల్ జాతి బీర్లు 15 నుంచి 24 డిగ్రీల మధ్య పులిసి రెండు మూడు వారాల్లో సిద్ధమవుతాయి. లాగర్ జాతివి 7 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పులిసి, ఆపై ఇంకా కొన్ని వారాలు చల్లగా నిలవ ఉండాలి. ట్యాంకును అంతకాలం ఆపి ఉంచడం ఖర్చుతో కూడిన పని కనుకనే మన బ్రూవరీలలో గోధుమ బీరు ఎప్పుడూ ఉంటుంది, మంచి లాగర్ మాత్రం అప్పుడప్పుడే దొరుకుతుంది. లాగర్ ఉందని చెబితే దానిని తప్పక రుచి చూడండి. తప్పులను దాచుకోవడానికి అందులో ఘాటైన వాసనలేవీ ఉండవు కనుక, కాచినవారి చేతి నైపుణ్యం అందులోనే తెలిసిపోతుంది.

కార్డులో కనబడే పేర్లను ఇలా గుర్తుపట్టవచ్చు. హెఫెవైజెన్ అంటే సగానికి పైగా గోధుమతో చేసే జర్మన్ తరహా బీరు. అందులో అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి, అయితే ఆ రెండింటిలో ఏదీ వేయరు, ఈస్టే వాటిని పుట్టిస్తుంది. విట్ అనేది బెల్జియం పద్ధతి; దానిలో నిజంగానే నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. ఐపీఏలో (ఇండియా పేల్ ఏల్) హాప్స్ ఎక్కువ, చేదు ఎక్కువ, మద్యం శాతం కూడా తరచుగా 6 దాకా పోతుంది. స్టౌట్ నల్లగా ఉంటుంది. మాడేదాకా వేయించిన బార్లీ వల్ల కాఫీ, చాక్లెట్ రుచులు వస్తాయి. నలుపు చూసి చాలామంది అది గట్టి సరుకని భయపడతారు గాని, ఎన్నో స్టౌట్లు 5 శాతం దగ్గరే ఉంటాయి. బంగారు రంగులో అమాయకంగా కనబడే బెల్జియన్ ట్రిపెల్ 8 శాతం దాటుతుంది. రంగును చూసి బలాన్ని అంచనా వేయకుండా కార్డులో రాసిన శాతాన్ని చదవాలి. అక్కడ రాయకపోతే అడిగి తెలుసుకోవాలి.

శాంప్లర్‌ను రుచి చూసే విధానం

చాలా బ్రూవరీలలో శాంప్లర్ అని చిన్న గ్లాసుల వరుస ఒకటి చెక్క పలకపై పెట్టి ఇస్తారు. నలుగురు వెళ్తే రెండు శాంప్లర్లు తెప్పించుకుని పంచుకోవడం, పిచ్చర్ (పెద్ద జగ్గు) తెప్పించుకోవడం కంటే అన్ని విధాలా మంచి పద్ధతి. పిచ్చర్ చౌకగా కనబడుతుంది గాని, బల్ల మీద గంటసేపు వేడెక్కి, గ్యాస్ పోయి, చివరి గ్లాసులు చప్పబడతాయి. పైగా అయిపోగొట్టాలన్న పట్టుదలతో ప్రతివారూ అనుకున్నదానికంటే ఎక్కువ తాగుతారు.

పలక వచ్చాక ముందు గ్లాసులను చూడండి. నురగ కింద, గ్లాసు లోపలి గోడలకు బుడగలు గుంపులుగా అంటుకుని ఉంటే ఆ గ్లాసుకు జిడ్డు గానీ సబ్బు గానీ మిగిలి ఉందని అర్థం, మొహమాటపడకుండా మార్చమనండి. శుభ్రమైన గ్లాసులో బుడగలు కింది నుంచి పైకి తీగల్లా సాగుతాయి, తాగుతున్నకొద్దీ నురగ గోడల మీద వలయాలుగా అంటుకుని మిగులుతుంది. గోధుమ బీరు మబ్బుగా ఉండటం సహజం. లాగర్ మబ్బుగా ఉంటే మాత్రం అది వడకట్టనిదా, తొందరపడి తీసినదా అని అడగవచ్చు.

తేలికదానితో మొదలుపెట్టి బరువైనదానివైపు వెళ్లాలి: లాగర్, ఆపై గోధుమ బీర్లు, ఆపై ఐపీఏ, చివరకు స్టౌట్ లేదా బెల్జియన్ రకాలు. ఐపీఏతో మొదలుపెడితే ఆ చేదు నాలుకను పట్టేసి తరువాతవన్నీ నీళ్లలా అనిపిస్తాయి. ప్రతి గ్లాసునూ తాగే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూడండి, ఎందుకంటే మనం రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం వాసనే. ఒక గుక్కను నాలుకంతా తిరిగేలా నోట్లో కాసేపు ఉంచి మింగి, మింగాక ఏ రుచి మిగిలిందో గమనించండి. గ్లాసుకు గ్లాసుకు మధ్య మంచినీళ్లు తాగాలి. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది కనుక ఐస్ పట్టిన గ్లాసు వద్దని చెప్పండి. లాగర్‌ను 5 డిగ్రీల ప్రాంతంలో, స్టౌట్ వంటివాటిని 10 డిగ్రీలకు దగ్గరగా తాగితేనే వాటి రుచి తెలుస్తుంది. స్టౌట్ గ్లాసును అయిదు నిమిషాలు బల్ల మీద వదిలేసి మళ్లీ వాసన చూడండి, అంతకు ముందు లేని కాఫీ వాసన పైకి వస్తుంది.

చెడిన బీరును గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి. పాప్‌కార్న్ మీద పోసే వెన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన వస్తే పులియడం పూర్తికాకముందే తీసి ఉండవచ్చు. ఉడికించిన మొక్కజొన్న వాసన కాచడంలో లోపానికి గుర్తు. తడిసిన అట్టముక్క రుచి వస్తే గాలి తగిలి పాతబడింది. పుల్లటి రకమని చెప్పకుండా ఇచ్చినది వెనిగర్‌లా పుల్లగా ఉంటే ట్యాప్ గొట్టాలు శుభ్రంగా లేవని అనుమానించాలి. ఇలాంటప్పుడు గొడవపడనక్కరలేదు, ఏ వాసన వస్తోందో స్పష్టంగా చెప్పి మార్చమంటే పేరు నిలబెట్టుకోవాలనుకునే ఏ బ్రూవరీ అయినా మారుస్తుంది.

ఏ బీరుకు ఏ వంటకం

మన తిండికి ఈ విషయంలో ఒక చిక్కు ఉంది: కారం. బీరులోని గ్యాస్, మద్యం, హాప్స్ చేదు మూడూ కలిసి కారాన్ని ఎగదోస్తాయి. గుంటూరు మిరప బాగా పట్టించిన కోడి వేపుడు పక్కన ఐపీఏ పెట్టుకుంటే నోరు మండిపోవడం తప్ప ఆ వేపుడు రుచీ తెలియదు, ఆ బీరు రుచీ తెలియదు. కారం ఎక్కువగా ఉన్నదానికి మాల్ట్ తీపి ఉండి, చేదు తక్కువగా ఉండే గోధుమ బీరు సరిపోతుంది. ఐపీఏను ఉప్పు, నూనె ఎక్కువగా, కారం తక్కువగా ఉండే వాటికి ఉంచండి. ఉల్లిపాయ పకోడీ, ఫిష్ ఫింగర్స్, చీజ్ వేసిన పదార్థాలు దానికి తగినవి.

హైదరాబాద్ బార్లలో ఎప్పటినుంచో ఉన్న అపోలో ఫిష్‌కు విట్ కంటే మంచి జత నాకు ఇంతవరకు తారసపడలేదు. ముల్లు తీసిన చేప ముక్కలను పలుచని పూతతో వేయించి, కరివేపాకు, పచ్చిమిర్చి, పెరుగు కలిసిన తాలింపులో తిప్పి తెస్తారు. ఆ పెరుగు పులుపు దగ్గర విట్‌లోని నారింజ తొక్క, కరివేపాకు దగ్గర అందులోని ధనియాలు చక్కగా అమరుతాయి. వేడి తగ్గితే పూత మెత్తబడుతుంది కనుక దానిని బీరు బల్ల మీదకు వచ్చాకే తెప్పించుకోండి. మిరపకాయ బజ్జీకి, చికెన్ 65కు చల్లని లాగర్ మంచిది. సీఖ్ కబాబ్ వంటి బొగ్గుల మీద కాల్చిన మాంసానికి స్టౌట్ సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే రెండింటిలోనూ మాడిన అంచు రుచి ఉంది. ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా దొరికే చోట చివరి చిన్న స్టౌట్ గ్లాసును వాటికోసం మిగుల్చుకోవచ్చు. శాకాహారులకు పల్లీ మసాలా, గుగ్గిళ్లు, మొక్కజొన్న వేపుడు, పనీర్ టిక్కా ఉండనే ఉన్నాయి. ఉడికించిన శనగల మీద ఉల్లిపాయ, నిమ్మరసం చల్లి ఇచ్చే గుగ్గిళ్లను కల్లు కాంపౌండ్లలో తరాలుగా తింటున్నారంటే, పులిసిన పానీయానికి ఏది తోడో మనవాళ్లకు కొత్తగా చెప్పవలసిన పనిలేదు.

బిర్యానీని మాత్రం చివరకు పెట్టుకోండి, అదీ ఇద్దరికి ఒకటి చొప్పున. గ్యాస్‌తో కడుపు ఉబ్బిన తరువాత పూర్తి బిర్యానీ తినడం శిక్షే. దానితో మంచినీళ్లు గానీ పలుచని మజ్జిగ గానీ తాగాలి, అప్పటికి బీరు ఆపేసి ఉండాలి.

తాగని స్నేహితులను కూల్‌డ్రింకుకు వదిలేయకండి. నిమ్మ సోడా, జింజర్ ఏల్ (మద్యం లేని అల్లం సోడా) వంటివి అడగండి, వారికి నచ్చిన వంటకంతోనే తిండి ఆర్డర్ మొదలుపెట్టండి. తాడిచెట్ల నీరా రుచి చూపించాలనుకుంటే నెక్లెస్ రోడ్డులోని నీరా కేఫ్‌లో కలుసుకుని, అక్కడి నుంచి బయలుదేరవచ్చు. పులియని తాజా నీరాలో మద్యం ఉండదు.

బిల్లు

బిల్లును గీతగీతగా చదవండి. మామూలు రెస్టారెంట్‌లో తిండిపై జీఎస్టీ 5 శాతం, అది 2.5 కేంద్రానికి, 2.5 రాష్ట్రానికి అని రెండు గీతలుగా కనబడుతుంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దానిపై రాష్ట్ర వ్యాట్ వేరుగా ఉంటుంది. కాబట్టి బీరు ధర మీద జీఎస్టీ వేసి ఉంటే సరిచేయమని అడగండి. సర్వీస్ ఛార్జ్ అని మరో గీత ఉంటే అది తప్పనిసరి కాదు. దానిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసివేయమని మర్యాదగా అడగండి, ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. అయితే మీ ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబిచ్చి, గ్లాసులు మార్చి తెచ్చిన మనిషి చేతికి నేరుగా టిప్పు ఇవ్వడం మరచిపోవద్దు.

ఎంత తాగారో లెక్క

ఈ లెక్క ప్రతివారికీ నోటికి రావాలి. 5 శాతం బీరు అరలీటరులో 25 మిల్లీలీటర్ల మద్యం, అంటే దాదాపు 20 గ్రాములు ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో అది 41 గ్రాములు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. 65 కిలోల మగమనిషి ఒక్క అరలీటరు గ్లాసును త్వరగా ఖాళీ చేస్తేనే ఆ పరిమితి దాటవచ్చు, ఆడవారిలో ఇంకా తొందరగా దాటుతుంది. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఒక్క గ్లాసేగా అన్న మాటకు ఈ అంకెల ముందు చోటు లేదు.

శరీరం మద్యాన్ని గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల చొప్పున మాత్రమే కరిగించగలదు; కాఫీ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా, బిర్యానీ తిన్నా ఆ వేగం పెరగదు. అందుకే సాయంత్రం మొత్తానికి శాంప్లర్‌లో సగం, ఆపై నచ్చిన రకం ఒక గ్లాసు చాలు. అంతకు మించి, నాలుగు అరలీటర్ల గ్లాసులు తాగి రాత్రి పదకొండుకు ఆపినవారి రక్తంలో మరునాడు ఉదయం అయిదుకు కూడా పరిమితికి మించిన మద్యం మిగిలి ఉండవచ్చు. ఎవరైనా బండిని బ్రూవరీ పార్కింగ్‌లో వదిలి క్యాబ్‌లో ఇంటికి వెళ్తే, దానిని మరునాటి మధ్యాహ్నం దాటాకే వెళ్లి తెచ్చుకోవాలి. రాత్రంతా బండి ఉంచడానికి వీలుందో లేదో కాపలాదారుతో వెళ్లేముందే మాట్లాడుకుని, పార్కింగ్ చీటీని జాగ్రత్తగా దాచుకోండి.